పది బ్రాండ్ల ట్యాబ్‌లు ఒకే కౌంటర్ మీద ఉన్నా రేట్ల మధ్య అంత గండి ఎందుకు?

ఇంటర్ క్లాసులు మొదలయ్యే రోజుల్లో విజయవాడ బీసెంట్ రోడ్డులో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా ఎలక్ట్రానిక్స్ షాపుల్లో వినిపించే మాట ఇంచుమించు ఒకటే. "అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసులు వినడానికి ట్యాబ్ కావాలండీ, పది పన్నెండు వేలల్లో ఏముంది?" షాపు కుర్రాడు నాలుగైదు డబ్బాలు తీసి ముందు పెడతాడు. శామ్‌సంగ్, లెనోవో, షావోమీ, రియల్‌మీ. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, డబ్బాల మీద అంకెలు కూడా పెద్ద తేడాగా ఉండవు. "మరి ఐప్యాడో?" అని అడిగితే మాట ఒక్కసారిగా ముప్పై నాలుగు, ముప్పై ఐదు వేలకు వెళ్లిపోతుంది.

ఇన్ని కంపెనీలు పోటీ పడుతుంటే పైనున్న రేటు కిందికి రావాలి కదా అనేది న్యాయమైన సందేహమే. కింద ఉన్నవాళ్లు వందా రెండొందల కోసం కొట్టుకుంటున్నారు, పైనున్నవాళ్లు ఏళ్ల తరబడి కదలరు. కారణం ఏమిటంటే, వీళ్లందరూ ఒకే సరుకు అమ్ముతున్నట్టు కనిపిస్తారు గానీ ఒక్కొక్కరికి డబ్బు పుట్టే చోటు వేరు. ఆ చోటేదో తెలిస్తే ఈ రేట్ల చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఏది ట్యాబ్, ఎవరికి ఎవరు పోటీ

ఇంచుమించు ఏడు నుంచి పదిహేను అంగుళాల టచ్ స్క్రీన్ ఉండి, కీబోర్డు లేకపోయినా పని నడిచే కంప్యూటర్‌ని ట్యాబ్ అంటున్నాం. కీబోర్డు తగిలించి తీసేసే రకాన్ని కూడా మార్కెట్ సర్వేలు ట్యాబ్‌లలోనే కలుపుతాయి. అందుకే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో చూడటానికి ల్యాప్‌టాప్‌లా ఉన్నా లెక్కల్లో ట్యాబ్‌గానే ఉంటుంది.

పోటీ అనే మాటకి ఆర్థికవేత్తలు వాడే పరీక్ష ఒకటుంది. ఒక వస్తువు రేటు కాస్త పెరిగితే కొనేవాళ్లు దేనివైపు మళ్లుతారు? మళ్లేది దేనికో అదే దానికి అసలు పోటీ. 12,000 ఉన్న ట్యాబ్ 13,000 అయిందనుకోండి, పక్క డబ్బా తీసుకుంటారు, అంతే. 35,000 ఉన్న ఐప్యాడ్ 37,000 అయితే బొమ్మలు గీసే డిజైన్ విద్యార్థి పదిహేను వేల ట్యాబ్‌కి రాడు, తిట్టుకుంటూ అదే కొంటాడు. మామూలు కుటుంబమైతే "ఇంకో అయిదు వేలు వేసుకుంటే ల్యాప్‌టాపే వస్తుంది కదా" అని అటు పోతుంది. అంటే ఐప్యాడ్ పోటీ పడుతున్నది కౌంటర్ మీద పక్కనున్న డబ్బాతో కన్నా, వెనక అరలో ఉన్న ల్యాప్‌టాప్‌తో ఎక్కువ.

ఇంకో విషయం. ట్యాబ్‌లో మూడు అంతస్తులున్నాయి. కింద యంత్రం, దాని మీద ఆ యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, పైన యాప్‌లు, వాటిని అమ్మే స్టోరు. కింది అంతస్తులో డజన్ల కొద్దీ కంపెనీలు తోసుకుంటున్నాయి. రెండో అంతస్తులో ప్రధానంగా ఉన్నది ఇద్దరే: ఆపిల్ ఐప్యాడ్ఓఎస్, గూగుల్ ఆండ్రాయిడ్. విండోస్, అమెజాన్ ఫైర్, చైనాలో హువావే హార్మొనీ ఉన్నాయి గానీ మన కౌంటర్ దాకా వచ్చేది తక్కువ.

2010 నుంచి 2013: పెద్ద పెద్ద వాళ్లే చేతులెత్తేసిన కాలం

ట్యాబ్ ఆలోచన ఆపిల్‌ది కాదు. మైక్రోసాఫ్ట్ 2002లోనే ట్యాబ్‌ల కోసం విండోస్ ఎక్స్‌పీలో ప్రత్యేక ఎడిషన్ తెచ్చింది. బరువు, పెన్నుతోనే పని, బ్యాటరీ తొందరగా అయిపోవడం వల్ల జనం పట్టించుకోలేదు. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్ చూపించాడు. రేటు 499 డాలర్ల నుంచి మొదలు. ఆ అంకె ముఖ్యం. ఇంకా ఎక్కువ ఉంటుందని చాలామంది అంచనా వేసిన రోజులవి, కొత్తగా దిగేవాళ్లు దానికన్నా తక్కువకి తయారు చెయ్యలేకపోయారు.

మోటరోలా 2011 ఫిబ్రవరిలో జూమ్ తెచ్చింది. ట్యాబ్‌ల కోసం గూగుల్ చేసిన ఆండ్రాయిడ్ 3.0 తో వచ్చిన మొదటి ట్యాబ్ అదే. ఫోన్ నెట్‌వర్క్ కంపెనీతో కాంట్రాక్టు లేకుండా 799 డాలర్లు. ఐప్యాడ్‌కి పోటీ వచ్చి ఐప్యాడ్ కన్నా మూడొందల డాలర్లు ఎక్కువ అడిగితే ఎవరు కొంటారు? పైగా దాని పెద్ద స్క్రీన్‌కి సరిపడే యాప్‌లే లేవు. ఐప్యాడ్ కోసం ప్రత్యేకంగా చేసిన యాప్‌లు 65,000 ఉన్నాయని ఆపిల్ అప్పటికే చెప్పుకుంటోంది.

బ్లాక్‌బెర్రీ ప్లేబుక్ సంగతి ఇంకా విచిత్రం. మెయిల్‌కి పేరుపడ్డ కంపెనీ 2011 ఏప్రిల్‌లో తెచ్చిన ట్యాబ్‌లో మెయిల్ యాప్ లేదు, పక్కన బ్లాక్‌బెర్రీ ఫోన్ ఉంటే దాని ద్వారా చూసుకోవాలి. ఆ ఏడాది డిసెంబరులో అమ్ముడుపోని సరుకు కింద 48.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది.

అన్నిటికన్నా చెప్పుకోవాల్సింది హెచ్‌పీ టచ్‌ప్యాడ్ గురించి. 2010లో 120 కోట్ల డాలర్లు పోసి పామ్ కంపెనీని కొన్నది హెచ్‌పీ. పామ్ దగ్గరున్న వెబ్ఓఎస్ మంచి సిస్టమ్ అని ఇప్పటికీ ఒప్పుకునేవాళ్లున్నారు. 2011 జులై 1న 499 డాలర్లకు ట్యాబ్ దించింది. సరిగ్గా 49వ రోజున, ఆగస్టు 18న, మూసేస్తున్నామని ప్రకటించింది. మిగిలిన సరుకుని 99 డాలర్లకు, అడ్డికి పావుసేరు లెక్కన వదిలించుకుంటే జనం ఎగబడి కొన్నారు. అంటే సరుకులో లోపం పెద్దగా లేదు. 499 కి అది ఐప్యాడ్‌కి పోటీ, 99 కి దేనికీ పోటీ కాదు, చవగ్గా దొరికిన వస్తువు. ఒకే ట్యాబ్ రెండు నెలల్లో రెండు వేర్వేరు మార్కెట్లలో అమ్ముడైంది!

మైక్రోసాఫ్ట్ కూడా 2012 అక్టోబరులో సర్ఫేస్ ఆర్‌టీతో దిగి, మరుసటి జులైకి 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. పాత విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవని కొన్నాక గాని చాలామందికి తెలియలేదు.

ఈ కంపెనీలకు డబ్బు కొదవ లేదు, ఇంజినీర్ల కొదవ లేదు. కొనేవాళ్లు తక్కువని యాప్ చేసేవాళ్లు రాలేదు, యాప్‌లు లేవని కొనేవాళ్లు రాలేదు. ఈ వలయంలోకి ముందుగా దిగినవాడు బయటపడ్డాడు, తర్వాత వచ్చినవాళ్లు అందులోనే ఇరుక్కున్నారు.

ఆకాశ్: అతి తక్కువ రేటు కూడా చాలలేదు

రేటు తగ్గిస్తే చాలుననుకునేవాళ్లకు మన పక్కనే జరిగిన ఉదాహరణ ఉంది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్‌ని డేటావిండ్ అనే కంపెనీ తయారు చేసింది, బిగించింది హైదరాబాద్‌లో. ప్రభుత్వానికి ఒక్కోటి రెండు వేల పైచిలుకు రూపాయలకే పడింది. ప్రపంచంలోనే చౌకైన ట్యాబ్ అని పేపర్లన్నీ రాశాయి.

లోపల ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ (నడుస్తున్న పనుల్ని పెట్టుకునే తాత్కాలిక మెమరీ), రెండూ బాగా తక్కువే. స్క్రీన్ రెసిస్టివ్ రకం, అంటే వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. బ్యాంకు ఏటీఎం పాత మెషీన్ల మీద నొక్కినట్టు నొక్కుతూ ఫిజిక్స్ పాఠం వినడం ఎవరికైనా విసుగే. తర్వాతి ఏడాది ఆకాశ్-2 మెరుగ్గా వచ్చినా అప్పటికే పేరు పోయింది. ఉద్దేశంలో తప్పు లేదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఆ రేటుకి దొరికే విడిభాగాలే అంత. మంచి స్క్రీన్లు చౌకయ్యేదాకా ఆ కల నెరవేరే అవకాశమే లేదు.

ఒక్కో కంపెనీకి డబ్బు ఎక్కడ పుడుతుంది

ఆపిల్ యంత్రం మీదే లాభం తీసుకుంటుంది. చిప్ తనే డిజైన్ చేసుకుంటుంది, సిస్టమ్ తనదే, యాప్ స్టోరూ తనదే. స్టోరులో డిజిటల్ అమ్మకాల మీద సాధారణంగా 15 నుంచి 30 శాతం కమీషన్ వస్తుంది. పెన్సిల్ (స్క్రీన్ మీద రాసే పెన్ను), కీబోర్డు విడిగా అమ్ముతుంది. రేటు తగ్గించి సంఖ్య పెంచుకోవాల్సిన అవసరం తక్కువ. అలాగని అసలు తగ్గించలేదని కాదు. అమెరికాలో 499 డాలర్లతో మొదలైన మామూలు ఐప్యాడ్ 2024 నాటికి 349 కి వచ్చింది, మన దగ్గర 34,900.

అమెజాన్ దారి పూర్తిగా వేరు. 2011 నవంబరులో కిండిల్ ఫైర్‌ని 199 డాలర్లకు తెచ్చింది. తయారీ ఖర్చు దాదాపు అంతే అవుతుందని అప్పట్లో విడదీసి చూసినవాళ్లు తేల్చారు. జనం పరికరాన్ని కొన్నప్పుడు కన్నా వాడుతున్నప్పుడు డబ్బు చేసుకోవడమే తమ పద్ధతని జెఫ్ బెజోస్ బాహాటంగానే చెప్పాడు. మన థియేటర్ల లెక్క ఇదే. టికెట్ రేటు జీవో ప్రకారం ఉంటుంది, కలిసొచ్చేది క్యాంటీన్లోనూ పార్కింగ్‌లోనూ. ఇలాంటివాడితో యంత్రం మీదే బతకాల్సిన కంపెనీ రేటులో పోటీ పడితే చేతిలో మిగిలేది ఖాళీ చిప్పే.

శామ్‌సంగ్‌కి రెండు చేతులున్నాయి. ఒక చేత్తో పదివేల రకం నుంచి లక్ష దాటే రకం దాకా ట్యాబ్‌లు అమ్ముతుంది. రెండో చేత్తో స్క్రీన్లు, మెమరీ చిప్‌లు తయారు చేసి పోటీదారులకూ అమ్ముతుంది. 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) స్క్రీన్లు శామ్‌సంగ్ డిస్‌ప్లే, ఎల్‌జీ డిస్‌ప్లేల నుంచే ఆపిల్‌కి వెళ్లాయి. అంటే ఐప్యాడ్ ప్రో అమ్ముడైనప్పుడు శామ్‌సంగ్ గ్రూపుకి కూడా ఎంతో కొంత ముడుతుంది. షాపు కౌంటర్ దగ్గర ఇద్దరూ బద్ధశత్రువులు, ఫ్యాక్టరీ గేటు దగ్గర అమ్మేవాడూ కొనేవాడూ.

షావోమీ, రియల్‌మీ, వన్‌ప్లస్, ఒప్పో లాంటివి ఫోన్ల వ్యాపారం మీద నిలబడ్డవి. వీళ్లకు ట్యాబ్ అనేది ఫోను కొన్నవాడు పక్క బ్రాండ్‌కి పోకుండా కట్టే కంచె. రియల్‌మీ 2021లో, వన్‌ప్లస్ 2023లో ఈ రంగంలోకి వచ్చాయి. డీలర్లు, సర్వీస్ సెంటర్లు ముందే ఉన్నాయి కాబట్టి దిగడానికి అయ్యే ఖర్చు తక్కువ.

గూగుల్ సొంత ట్యాబ్‌ల విషయంలో ఊగిసలాడింది. 2019లో ఇక చెయ్యనంది, 2023లో పిక్సెల్ ట్యాబ్లెట్‌తో మళ్లీ వచ్చింది. దానికి ఏ బ్రాండ్ గెలిచినా ఫరవాలేదు, లోపల ప్లేస్టోర్, యూట్యూబ్, సెర్చ్ ఉంటే చాలు.

14,160 రూపాయల ట్యాబ్‌లో కంపెనీకి మిగిలేది: ఒక నమూనా లెక్క

ఇవి ఏ కంపెనీ అంకెలూ కావు, లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. జీఎస్టీ రేటు ఒక్కటే నిజమైనది.

షాపులో 14,160 పెట్టి ట్యాబ్ కొన్నారు. అందులో అసలు రేటు 12,000 మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,160 ప్రభుత్వానికి. మిగిలింది 12,000. డిస్ట్రిబ్యూటర్‌కీ షాపుకీ కలిపి 8 శాతం అనుకుంటే 960. కంపెనీ చేతికి 11,040. స్క్రీన్, చిప్, మెమరీ, బ్యాటరీ, బిగింపు కూలీ కలిపి 9,300. రవాణా, వారంటీ, యాడ్లు, ఆఫీసు ఖర్చులు 1,300. చివరికి తేలింది 440 రూపాయలు.

వారంటీలో ఒక ట్యాబ్ స్క్రీన్ మార్చాల్సి వస్తే పది ట్యాబ్‌ల లాభం తుడిచిపెట్టుకుపోతుంది. మెమరీ చిప్ రేటు ట్యాబ్‌కి అయిదు వందలు పెరిగితే కంపెనీ నష్టంలోకి జారుతుంది. ఈ రెండోది ఊహ మాత్రమే కాదు. ప్రపంచంలో ర్యామ్‌కి వాడే డీర్యామ్ మెమరీలో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల చేతుల్లో ఉంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ రేట్లు బాగా ఎగబాకాయి. ఆ దెబ్బ 35,000 ట్యాబ్‌కి గీటు, 12,000 ట్యాబ్‌కి గండం.

ఇంత సన్నని లాభంలో పోటీ పడేవాళ్లు ఏం చేస్తారో డబ్బాలు చూస్తే తెలుస్తుంది.

డబ్బా మీది అంకెలు, లోపలి సరుకు

ఒక డబ్బా మీద పెద్ద అక్షరాలతో "8 జీబీ ర్యామ్" అని స్టిక్కరు ఉంటుంది. కింద చీమ తలంత అక్షరాల్లో 4+4. ఉన్నది నాలుగే. మిగతా నాలుగు స్టోరేజీలో కొంత భాగాన్ని అరువు తెచ్చుకుని ర్యామ్‌లా వాడటం. స్టోరేజీ వేగం ర్యామ్ వేగం కన్నా చాలా తక్కువ, పైగా చవక ట్యాబ్‌లలో ఉండేది ఎక్కువగా ఈఎంఎంసీ అనే పాత రకం. అబద్ధం రాసినట్టు కాదు, అలాగని నిజం చెప్పినట్టూ కాదు.

ఇంకోటి సినిమాలు చూసేవాళ్లకు తగులుతుంది. స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంటుంది, అది నిజమే. కానీ నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ బొమ్మ పంపాలంటే ట్యాబ్‌కి వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రతా గుర్తింపు ఉండాలి. ఎల్3 మాత్రమే ఉంటే ఎంత మంచి స్క్రీన్ ఉన్నా మసక బొమ్మే వస్తుంది. షాపులో యూట్యూబ్ పెట్టి చూపిస్తారు, యూట్యూబ్ మామూలు వీడియోకి ఆ గుర్తింపు అక్కర్లేదు కాబట్టి బొమ్మ అద్దంలా మెరుస్తుంది. ఇంటికెళ్లి ఓటీటీ పెట్టాక మొదలవుతుంది టెన్షన్. ఈ ఎల్1, ఎల్3 సంగతి డబ్బా మీద వెతికితే దొరకడం అరుదు.

కొనేవాడు చూడగలిగే అంకె మీద పోటీ తీవ్రంగా ఉంటుంది, చూడలేని చోట సన్నగిల్లుతుంది. స్క్రీన్ సైజు, బ్యాటరీ ఎంఏహెచ్, రేటు కనిపిస్తాయి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, స్క్రీన్ పగిలితే గుంటూరులో విడిభాగం దొరుకుతుందా అన్నవి కనిపించవు.

పోటీని అంకెల్లో కొలిచే పద్ధతి

పోటీ చట్టాల కింద కేసులు చూసేవాళ్లు హెచ్‌హెచ్‌ఐ అనే సూచీ వాడతారు. ప్రతి కంపెనీ వాటా శాతాన్ని దానితోనే గుణించి, అన్నీ కూడాలి. ఒక్కడే ఉంటే 100 × 100, అంటే 10,000. పదిమంది సమానంగా పంచుకుంటే 1,000. అమెరికా 2023 మార్గదర్శకాల ప్రకారం 1,800 దాటితే మార్కెట్ కొద్దిమంది చేతుల్లో బాగా కేంద్రీకృతమైనట్టు.

ప్రపంచ ట్యాబ్ మార్కెట్లో ఆపిల్‌కి మూడో వంతుకు పైగా, శామ్‌సంగ్‌కి ఇంచుమించు అయిదో వంతు వాటా ఉంటోంది. తేలిక కోసం వాటాలు 38, 20, 8, 7, 6, మిగతా 21 ఏడు చిన్న కంపెనీలకు తలా 3 అనుకుందాం. సూచీ 2,056 వస్తుంది. గీత దాటినట్టే.

ఇప్పుడు అదే మార్కెట్‌ని రెండుగా కోద్దాం. ఇరవై వేల లోపు వాటిలో వాటాలు 25, 20, 15, 15, 10, 10, 5 అనుకుంటే సూచీ 1,700, గీత లోపలే. ముప్పై వేల పైన 80, 15, 5 అనుకుంటే 6,650. పోటీ ఉందా లేదా అన్నదానికి జవాబు మార్కెట్‌ని ఎక్కడ కోశామన్న దాన్ని బట్టి మారిపోతోంది. కోర్టుల్లో లాయర్లు నెలల తరబడి వాదించుకునేది కూడా ఎక్కువగా ఈ కోత దగ్గరే.

పోటీ బాగానే ఉందనేవాళ్లు, లేదనేవాళ్లు

బాగానే ఉందనేవాళ్ల వాదనలో బలం ఉంది. 2011లో 799 డాలర్ల జూమ్ చేసినదానికన్నా ఎక్కువ పని ఇవాళ పదివేల ట్యాబ్ చేస్తుంది. కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు, ఎవరూ అడ్డుకోలేదు. 2012, 13 ప్రాంతాల్లో మన దగ్గర మైక్రోమ్యాక్స్, ఐబాల్ ఊపు ఊపాయి, తర్వాత వెనకబడ్డాయి. అగ్రస్థానంలో ఉన్నవాడు తప్ప మిగతా వరుస మారుతూనే ఉందంటే అది పోటీ ఉన్నట్టే అంటారు వీళ్లు. ఆపిల్ ముందుండటానికి కారణం పదిహేనేళ్లుగా అది పెట్టిన పెట్టుబడి, దానికి శిక్ష వెయ్యడమేమిటని కూడా అడుగుతారు.

లేదనేవాళ్లు రెండో అంతస్తు వైపు వేలు చూపిస్తారు. ప్లేస్టోర్ కావాలంటే గూగుల్ షరతులకు ఒప్పుకోవాలి. వాటిలో ఒకటి, ఆండ్రాయిడ్‌ని మార్చి సొంత రూపం చేసుకున్న పరికరాలు అమ్మకూడదని ఉండేది. అమెజాన్ ఫైర్ సిస్టమ్‌తో పరికరాలు చేద్దామనుకున్న కంపెనీలకు ఇదే అడ్డొచ్చిందని 2018లో గూగుల్‌కి 434 కోట్ల యూరోల జరిమానా వేసిన సందర్భంలో యూరోపియన్ కమిషన్ చెప్పింది. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ పరికరాల కేసులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాత మన దేశంలో ఏ గూగుల్ యాప్ కావాలంటే ఆ యాప్‌కి విడిగా లైసెన్సు తీసుకునే వీలు వచ్చింది. ఆపిల్ వైపు చూస్తే, ఐప్యాడ్ఓఎస్‌ని 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ 'గేట్‌కీపర్' జాబితాలో చేర్చింది. వ్యాపారాలు వినియోగదార్ల దగ్గరికి వెళ్లాలంటే ఆ గేటు దాటక తప్పదని దాని భావం.

నా మట్టుకు ఈ రెండు వాదనలూ వేర్వేరు అంతస్తుల గురించి మాట్లాడుకుంటున్నాయనిపిస్తుంది. యంత్రాల పోటీ గురించి మొదటివాళ్లు చెప్పింది నిజం, సిస్టమ్ గురించి రెండోవాళ్లు చెప్పింది నిజం. ఒకరి మాటకి ఇంకొకరి మాట జవాబు కాదు.

ఒక్క ప్రభుత్వ ఆర్డరుతో తారుమారయ్యే వాటాలు

మన దేశం లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో (2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాయే) రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. టీచర్లతో కలిపి అయిదు లక్షలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్‌లు. మరుసటి ఏడాది ఇంకో విడత. 2022లోనే హర్యానా కూడా అయిదు లక్షల దాకా ట్యాబ్‌లు పంచింది. రిటైల్ షాపుల్లో అంతగా కనబడని ఏసర్ 2024లో దేశంలో రెండో స్థానానికి ఎగబాకిందంటే ఇలాంటి విద్యాశాఖల ఆర్డర్లే కారణం.

ఇక్కడ కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు. టెండరు దగ్గర తెగే రేటు షాపు రేటుకి సంబంధం లేకుండా ఉంటుంది. లోపల లాక్ పెట్టి పాఠాలు తప్ప ఇంకేమీ నడవకుండా చేస్తారు కాబట్టి యాప్ స్టోరు ఆదాయం కూడా ఉండదు. ఫీజుతో కలిపి సొంత ట్యాబ్ అంటగట్టే ప్రైవేటు కాలేజీల్లోనూ ఇదే పద్ధతి. తల్లిదండ్రులు కౌంటర్ దగ్గరికి వెళ్లి బేరమాడే అవకాశమే రాదు. మార్కెట్ వాటాల పట్టికలో మాత్రం ఇవన్నీ "జనం ఎంచుకున్న బ్రాండు" లాగే కనిపిస్తాయి.

దిగుమతుల మీద కూడా ఓ మాట. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలని కేంద్రం ప్రకటించి, గొడవ అయ్యాక వాయిదా వేసి, చివరికి ఆన్‌లైన్లో నమోదు చేసి అనుమతి తీసుకునే పద్ధతికి మార్చింది. ఇక్కడే తయారు చేసేవాళ్లకు 17,000 కోట్ల ప్రోత్సాహక పథకం అదే ఏడాది వచ్చింది. ఇక్కడ ఫ్యాక్టరీ ఉన్న పెద్ద కంపెనీలకు ఇది మేలు, బయటినుంచి తెచ్చుకునే చిన్న బ్రాండ్లకు బరువు.

కొత్త ట్యాబ్‌కి పాత ట్యాబే పోటీ

2014లో ప్రపంచమంతా కలిపి సుమారు 23 కోట్ల ట్యాబ్‌లు సరఫరా అయ్యాయి. కోవిడ్ కాలంలో క్లాసుల వల్ల మధ్యలో కాస్త లేచినా, 2023లో ఆ సంఖ్య 13 కోట్లకు దిగింది. ఫోన్ స్క్రీన్లు పెరిగి చిన్న ట్యాబ్‌లని మింగేశాయి. ఉన్న ట్యాబ్ బాగానే పనిచేస్తుంటే మార్చేవాళ్లు తగ్గారు. 2018లో వచ్చిన ఆరో తరం ఐప్యాడ్‌కి 2023 నాటి ఐప్యాడ్ఓఎస్ 17 కూడా అందింది. శామ్‌సంగ్ తన ఖరీదైన ట్యాబ్ ఎస్10 వరసకి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. చవక రకాల్లో చాలావాటికి అంత హామీ లేదు.

దీన్నే ఏడాది ఖర్చుగా మార్చి చూస్తే మొదట చెప్పుకున్న గండి వేరేగా కనిపిస్తుంది. 12,000 ట్యాబ్ మూడేళ్లు నడిచిందనుకుంటే ఏడాదికి 4,000. 35,000 ట్యాబ్ ఏడేళ్లు నడిచి చివర్లో 5,000 కి సెకండ్ హ్యాండ్‌లో పోయిందనుకుంటే 30,000 ని ఏడుతో భాగించాలి, ఏడాదికి 4,286. కౌంటర్ దగ్గర మూడింతలుగా కనిపించిన తేడా ఏడాది లెక్కలో మూడొందల లోపుకి వచ్చింది. అయితే ఏడేళ్ల పాటు పిల్లాడి చేతిలోంచి అది ఒక్కసారి కూడా జారిపడకూడదు. ముందుగా 35,000 చేతిలో ఉండాలి, లేదా ఈఎంఐ దొరకాలి. పన్నెండు వేలు పెట్టి కొనేవాళ్లు లెక్క తెలియక కొంటున్నారనుకోవడం పొరపాటు. పగిలితే పోయేది తక్కువ కావాలని చూసుకుంటున్నారు, అదీ ఒక లెక్కే.

యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలు సరిగ్గా ఈ లెక్క మీదే చెయ్యి వేశాయి. ఫోన్లకీ ట్యాబ్‌లకీ అమ్మకం ఆపాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. మన దగ్గర కూడా వస్తువులకు రిపేరు సూచీ పెట్టే విషయమై కేంద్రం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. చవక ట్యాబ్‌కి ఇక్కడా అలాంటి హామీ తప్పనిసరై, అందుకోసం రేటు 500 పెరిగి, ట్యాబ్ అయిదేళ్లు నడిచిందనుకోండి. 12,500 ని అయిదుతో భాగిస్తే ఏడాదికి 2,500. ఐప్యాడ్‌కి ఇన్నాళ్లూ ఉన్న మన్నిక ఆధిక్యం అక్కడ బాగా తగ్గిపోతుంది. పన్నెండు వేల రేటు ట్యాబ్‌లు చేసే కంపెనీలేమో ముక్కుతూ మూలుగుతూ ఒప్పుకోవాలి, ఎందుకంటే మన నమూనా లెక్కలో వాళ్లకు ఒక్కోదాని మీద మిగిలేది 440, అయిదేళ్ల పాటు అప్‌డేట్లు రాసే ఇంజినీర్ల జీతాలు దాంట్లోంచే రావాలి.